పేర్లు పడేటప్పుడు మంగళం

మా ఇంట్లో సినిమాకి వెళ్ళడమంటే పేర్లు పడిపోయాక వెళ్ళడం. నాన్న గుడిలో సన్నాయి వాయిస్తారు. సాయంత్రం సేవ అయి, సన్నాయిని గుడ్డలో చుట్టి, ఇంటికొచ్చి చొక్కా తొడుక్కునేసరికి నెల్లిమర్ల హాల్లో మొదటాట మొదలైపోయేది. మేమింకా స్కూటర్ల స్టాండులో ఉండగానే లోపల్నుంచి డమడమా వినపడేది. "పేర్లు పడిపోతన్నాయి, రండి రండి" అంటూ నాన్న ముందు నడిచేవారు. అమ్మ మాత్రం కుచ్చిళ్ళు సర్దుకుంటూ నెమ్మదిగా, "పడనీండి. అందులో మన పేరేటైనా ఉన్నాదా" అనేది.

కాబట్టి చిన్నప్పుడు నాకు తెలిసిన టైటిల్ సంగీతమంతా గోడ అవతలిదే. గోడలోంచి వేణువూ రాదు, వయొలినూ రాదు. డప్పు మాత్రం వస్తుంది. టైటిల్స్‌కి డప్పులు తప్ప ఇంకేమీ వాయించరని చాలాకాలం అనుకున్నాను. తర్వాత కీబోర్డు నేర్చుకుని, విశాఖపట్నంలో ఒక స్టూడియోలో వైర్లు చుట్టే ఉద్యోగంతో మొదలుపెట్టి, సినిమాలు మొదట్నుంచి చూసే స్తోమత వచ్చాక అర్థమైంది, నేననుకున్నది పెద్ద తప్పేమీ కాదని.

టైటిల్ సంగీతం చెయ్యడానికి పాత పద్ధతి ఒకటుంది. సినిమాలో రాబోయే పాటల ముక్కలన్నీ తెచ్చి, ఒక్కొక్క ముక్కా దండలా గుచ్చేస్తారు. జనం సీట్లు వెతుక్కుంటూ విననట్టే వింటారు. గంట తర్వాత అసలు పాట వచ్చినప్పుడు "ఇదెక్కడో విన్నట్టుందే" అనుకుంటారు. విన్నది అక్కడే. పెళ్ళిచూపులకి ముందే పిల్లని బస్టాండులో చూపించేసినట్టన్నమాట. ఇంకొందరు ఒకే ఒక్క వరుస పట్టుకుంటారు. టైటిల్స్‌లో దాన్ని నిండుగా వినిపించి, తర్వాత ఏడుపు సీనులో నెమ్మదిగా, తన్నుకునే సీనులో వేగంగా అదే తిప్పుతారు. మా అమ్మ ఒక్క పప్పుతో వారమంతా నడిపినట్టు. దెయ్యం సినిమాకి జోలపాటతో మొదలుపెట్టేవాళ్ళు మరో రకం. వాళ్ళంటే నాకు గౌరవం. భయపెట్టడానికి ముందు నిద్రపుచ్చాలన్న ఆలోచన ఎంత దుర్మార్గమో అంత తెలివైనది.

ఇప్పటి పద్ధతి వేరు. ముందు చీకటి. ఒక గాలి మోత. తర్వాత ఒక్కో పేరుకి ఒక్కో గుద్దు. హీరో పేరు దగ్గర గుద్దులన్నీ ఒకేసారి, వెనకాల ముప్పై గొంతుకలతో ఏదో సంస్కృతం. సంస్కృతం వచ్చినవాళ్ళు విని అది సంస్కృతం కాదంటారు. రానివాళ్ళు దండం పెట్టుకుంటారు.

ఏ పద్ధతైనా వినేవాడు ఒకడే. ఒక చేతిలో పాప్‌కార్న్, ఒక చేతిలో ఫోను లైటు, నోట్లో టికెట్టు. అయినా సరే, సంగీతం చేసేవాళ్ళు టైటిల్స్ మీద ప్రాణం పెడతారు. మాటలుండవు, చప్పుళ్ళుండవు, "ఇక్కడ కాస్త తగ్గించండి, హీరోయిన్ ఏడుస్తోంది" అనేవాళ్ళుండరు. సినిమా మొత్తమ్మీద ఆ కాసేపే సంగీతానికి సొంత జాగా. నాకా జాగా కావాలనిపించింది.

జాగా ఇచ్చినవాడు మా బావ. మేనత్త కొడుకు. వాడు సినిమా తీస్తున్నాడని తెలిసినప్పుడు ఇంట్లో ఎవరూ ఏడవలేదు. అంతకుముందు కోళ్ళ ఫారం పెట్టాడు కాబట్టి అందరికీ అలవాటైంది. చీపురుపల్లిలో గోనెసంచులు టోకున అమ్మే సావుకారుగారొకరు నిర్మాత. కథ చిన్నది. జూట్ మిల్లులో ఆయుష్షంతా పనిచేసిన ఒకాయనకి మొదటి సీనులోనే రిటైర్‌మెంటు. మెళ్ళో దండేసి, చేతికి గోడ గడియారమిచ్చి పంపేస్తారు. మర్నాడు పొద్దున్నే ఆయన అలవాటుగా షిఫ్టు టైముకి వచ్చి, గేటు ఎదురుగా టీకొట్లో కూర్చుంటాడు. సినిమా అంతా ఆ బెంచీ మీదే.

"ఒసే, టైటిల్స్‌కి గూస్‌బంప్స్ రావాలే" అన్నాడు బావ.

"రిటైరైపోయినోడి కథకి గూస్‌బంప్సేటి బావా? బీపీ వస్తాది."

"మరేటి సేస్తావు?"

"నీ కథ అయిపోయిన కాడ మొదలవతాది కదా. అయిపోయినప్పుడు వాయించీదే మొదట్లో వాయిస్తాను."

బావ తలూపాడు. వాడికి అర్థం కాలేదని నాకు తెలుసు. అర్థమైతే ప్రశ్నలడుగుతాడు.

నా మనసులో ఉన్నది మధ్యమావతి. కచేరీ చివర్లో, భజన చివర్లో, గుడి తలుపులు వేసేముందు మంగళం పాడే రాగం. సన్నాయి ఒక్కటే, డోలు లేకుండా, నెమ్మదిగా. మిల్లు గేటు మూసుకుంటున్నప్పుడు పేర్లు ఒక్కొక్కటే పడాలి. సన్నాయికి నాన్న కావాలి. వరుస రాసి చూపించాను. ఆయన ఒకసారి గొంతులో పాడుకుని, కాగితం తిరిగి ఇచ్చేశారు.

"తలుపులు మూసినప్పుడు వాయించీది తలుపులు తెరిసినప్పుడు వాయించమంటావేటే గుంటా?"

"తప్పా?"

"తప్పే. మంగళం ఎందుకు వాయిస్తాం? అంతవరకూ వాయించినదాంట్లో అపస్వరాలు, తాళం తప్పులు, ఏవున్నా క్షమించమని."

"అయితే మరీ మంచిది నాన్నా. బావ సినిమాలో తప్పులుంటాయని మనకి ముందే తెలుసు. ముందే సెప్పేసుకుంటే మర్యాదగా ఉంటాది."

నాన్న నవ్వలేదు. సన్నాయి పీక నోట్లో పెట్టి తడుపుకుంటూ, "ఈ ముక్క గుళ్ళో అనకు" అన్నారు. వెనక గదిలో బొంతలు కట్టి మైకు పెట్టాను. పక్కింటి కుక్కర్ కూతల మధ్య సందు చూసుకుని వాయించారు. ఒక్కసారే. వాయించడం అయ్యాక కళ్ళు తెరిచి, ఎప్పటిలాగే దండం పెట్టేసుకున్నారు. ఎదురుగా ఉన్నది నా లాప్‌టాప్.

సావుకారుగారు ఆ ముక్కని దుకాణంలో విన్నారు. బావ ఫోను స్పీకర్‌లోంచి, గోనెల కట్టల మధ్య కూర్చుని. ఆయన శనివారం భజనల మనిషి. సన్నాయి రెండో వరుసకి వచ్చేసరికి ముఖంలో రంగు మారింది.

"ఏటిది తల్లీ?"

"టైటిల్స్‌కండి."

"ఇది మంగళం కాదా?"

"మంగళమేనండి."

"నా సినిమాకి రిలీజవకుండానే మంగళం పాడేసినావా?"

సంచులు కుడుతున్న మిషను ఆగిపోయింది. మన భాషలో ఉన్న చిక్కే ఇది. దుకాణం మూతపడితే మంగళం పాడేశారంటాం. పథకం ఆగిపోతే మంగళం పాడేశారంటాం. ఏ పాపమూ ఎరగని రాగానికి ఊళ్ళో దివాళాలన్నీ అంటగట్టేశాం. ఇదంతా ఆయనకి చెప్పాను. ఆయన చాలా మర్యాదగా విని, "తీసీ" అన్నారు.

ఆయన అల్లుడికి కూడా కంప్యూటర్లో సంగీతం చెయ్యడం వచ్చు. చెయ్యడమంటే, ఎవరో చేసి పెట్టిన ముక్కల్ని పక్కపక్కన పేర్చడం. అల్లుడు అక్కడికక్కడే ఒకటి వినిపించాడు. డోళ్ళు, తాషాలు, వాటి మీద అరుపులు.

"గట్టిమేళంలాగుంటాదని..." అన్నాడు.

పెళ్ళిలో తాళి కట్టేటప్పుడు గట్టిమేళం ఎందుకు వాయిస్తారో మా ఇంట్లో పుట్టినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ క్షణంలో ఎవరైనా తుమ్మినా, కానిమాట అన్నా వినపడకూడదని. అంటే వినడానికి కాదు, ఇంకేదీ వినపడకుండా ఉండడానికి వాయించేది. ఇప్పటి టైటిల్ సంగీతంలో చాలావరకు అదే. నాన్న ఎన్నో పెళ్ళిళ్ళలో వాయించారు. దాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ మా సినిమాకి ఎందుకు?

"తుమ్మేవోళ్ళు ఎవరున్నారండి మన సినిమాలో? అంత భయం దేనికి?" అన్నాను.

సావుకారుగారు వ్యాపారి. గొడవపడే మనిషి కాదు, బేరమాడే మనిషి. "అలగైతే నీ ముక్క ఆఖర్న పెట్టుకుందాం. మంగళానికి అదే జాగా. నీ మాటా పోదు, నా మాటా పోదు" అన్నారు.

వినడానికి ఎంతో న్యాయంగా ఉంది. బావ ముఖం వెలిగిపోయింది. కానీ సినిమా చివర పేర్లు పడేటప్పుడు మన హాళ్ళలో ఏమవుతుందో అందరికీ తెలుసు. లైట్లు వేసేస్తారు. తలుపులు బార్లా తెరిచేస్తారు. జనం చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటూ స్టాండు వైపు పరుగు.

"ఎల్లిపోయేవోళ్ళ వీపులకి నేను సంగీతం సెయ్యనండి" అన్నాను. "మొదట్లో ఉంచితే ఉంచండి. తీసేస్తే నా పేరూ తీసేయండి. మిగతా సినిమాకి సేసిన సంగీతం వాడుకోండి, అడ్డం రాను."

ఇది నా మొదటి సినిమా. తెరమీద నా పేరు పడడం ఇదే మొదలు. ఇక్కడ ఒక గంభీరమైన నిశ్శబ్దం ఉండాలి. ఉండేదే, మిషను మీదున్న ఆవిడ "అయితే కుట్టీమంటారా, ఆపీమంటారా?" అని అడగకపోతే.

బావ ఎటువైపని అడగకండి. గోడమీద పిల్లి అంటారు. పిల్లైతే ఏదో ఒకవైపు దూకే ఆశైనా ఉంటుంది. వాడు గోడ.

చివరికి సావుకారుగారే దారి చెప్పారు. నెల్లిమర్ల హాల్లో ఒక ఆదివారం పొద్దున్న మన జనానికి సినిమా వేసి చూపిద్దాం, టైటిల్స్ దగ్గర ఎవరూ అపశకునం అనుకోకపోతే ఉంచుదాం, అనుకుంటే అల్లుడి గట్టిమేళం. సరేనన్నాను. తీరా వెళ్ళి చూస్తే, ఆయన పిలిచిన మన జనమంటే ఆయన శనివారం భజన బృందం మొత్తం. ముందు వరసలన్నీ వాళ్ళే. వెనక మిల్లు కార్మికులు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు. నాన్న చివర గోడవారన కూర్చున్నారు. జీవితంలో మొదటిసారి పేర్లు పడకముందే హాల్లో ఉన్నందుకు ఆయన కాస్త కంగారుగా కనిపించారు.

లైట్లు ఆరాయి. మిల్లు గేటు మెల్లగా మూసుకుంటోంది. సన్నాయి ఎత్తుకుంది.

ముందు వరసలో ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. చేతులు జోడించాడు. ఆయన పక్కాయన కూడా లేచాడు. తర్వాత ఆ వరసంతా. మంగళం ఎత్తుకుంటే హారతి ఇస్తున్నట్టు. హారతప్పుడు కూర్చోవడమేంటి? రెండో వరసా లేచింది. వాళ్ళని చూసి, ఎందుకో తెలియకపోయినా, మూడో వరసా లేచింది.

"కూకోండర్రా బాబూ! పేర్లు కనపడతానేదు!" వెనకనుంచి ఒక కేక.

"అయిపోనాదేటి? ఇప్పుడే కదా వచ్చినాం?"

"అయిపోనేదు మావా, మొదలే."

"మొదలైతే మంగళమెందుకు?"

"నాకేటి తెలుసు, నిలబడు."

ఒక ముసలావిడ చేతిలో సంచి సర్దుకుంటూ, ప్రసాదం ఎటువైపు పెడుతున్నారని పక్కవాళ్ళని అడిగింది. హాలంతా నవ్వు. నవ్వుతూనే నిలబడ్డారు, చేతులు జోడించుకునే. సరిగ్గా అప్పుడే తెరమీద 'సంగీతం' అని పడింది. దాని కింద నా పేరు పడే ఉంటుంది. నేను చూడలేదు. నా ముందు ఒక భారీ మనిషి వీపు ఉంది.

సన్నాయి ఆగింది. అందరూ ఒకేసారి కూర్చున్నారు. తర్వాత సినిమా నడిచింది. దాని గురించి చెప్పడానికి బావ ఉన్నాడు, వాడు ఇప్పటికీ చెప్తూనే ఉన్నాడు.

బయట సైకిలు స్టాండు దగ్గర సావుకారుగారు నన్ను పట్టుకున్నారు.

"సూసినావా? జనం లేసిపోనారు."

"లేసి ఎల్లిపోనేదండి. లేసి నిలబడ్డారు. పెద్ద హీరోల సినిమాల్లో టైటిల్స్‌కి జనాన్ని కుర్చీల్లోంచి లేపడానికి డోళ్ళు, అరుపులు, కాగితాలు, అన్నీ కావాలి. మనకి ఒక్క సన్నాయికి లేసినారు."

"నవ్వినారు కదా?"

"నవ్వుతూ దండం పెట్టినారు. అంతకంటే ఏటి కావాలండి? మీరూ లేసినారు, నేను సూసినాను."

"అలవాటు తల్లీ అది."

"మీ అల్లుడుగారూ లేసినారు."

"ఆడు నేను లేసినానని లేసినాడు." మళ్ళీ బేరం పెట్టారు. "ఓ పని సేద్దాం. మన రెండు జిల్లాల్లో గట్టిమేళం పెడదాం. అటు బెజవాడ, హైదరాబాదు ఎల్లీ ప్రింటుకి నీ మంగళం ఉంచుదాం. అక్కడోళ్ళకి ఇది మంగళమని తెలీదు."

"తెలిసినోళ్ళకి ఇనిపించకుండా, తెలీనోళ్ళకి ఇనిపించమంటారా?" నిజంగానే కోపం వచ్చింది. కోపంలో నేను హాస్యమాడలేను, అదొక లోపం. "ఒక సినిమాకి ఒకటే మొదలండి. గట్టిమేళమే పెట్టుకోండి. నా పేరు తీసేయండి. ఇంక మాట్లాడను."

"నా పేరు కూడా" అన్నాడు బావ.

అందరం వాడివైపు చూశాం. గోడ దూకింది. దూకిన వెంటనే "అంటే... ఒకసారి ఆలోసిద్దాం" అన్నాడు. కానీ అప్పటికే నేలమీద ఉన్నాడు.

దర్శకుడి పేరూ, సంగీతం పేరూ లేకుండా టైటిల్స్‌లో మిగిలేది తన పేరూ, అల్లుడి పేరూ, భోజనాలు పెట్టినవాళ్ళ పేరూ అని సావుకారుగారికి తట్టినట్టుంది. నాన్నవైపు తిరిగారు.

"మీరు గుళ్ళో వాయించేవోరు. మీరు సెప్పండి. మొదట్లో మంగళం వాయిస్తే తప్పేనా, కాదా?"

నేను నాన్నకి కళ్ళతో చెప్పాల్సినవన్నీ చెప్పాను.

"తప్పే" అన్నారు నాన్న.

"మరి తెలిసుండి ఎందుకు వాయించినారు?"

"గుంట అడిగినాది."

సావుకారుగారికి కూతుళ్ళున్నారు. ఆ జవాబు మీద ఇంకేమీ అడగలేదు. గోనెసంచి మూతి ఎటునుంచి విప్పాలో చూసే మనిషిలా చాలాసేపు నిలబడి, చివరికి అన్నారు: "ముందు గంట కొట్టి, దేవుడికి దీపం సూపించీసి, అప్పుడు మంగళం వాయిస్తే? పూజ అయిపోయినట్టే కదా?"

నాన్న లోపల లెక్క చూసుకున్నారు. "అయిపోయినట్టే" అన్నారు.

"అయితే తల్లీ, మొదట్లో ఓ గంట పెట్టీ."

"పెట్టనండి" అన్నాను. "నా సంగీతంలో గంట నేదు. భయం మీది. గంట మీరే కొట్టుకోండి."

బావ తల పట్టుకున్నాడు. సావుకారుగారు మాత్రం అందులో తిట్టేమీ వినలేదు. అవకాశం వినపడింది ఆయనకి. మరుసటి వారం విశాఖపట్నం స్టూడియోకి ఆయనే వచ్చారు, దుకాణంలో పటాల ముందుండే ఇత్తడి గంటని గోనెసంచిలో పెట్టుకుని. స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, చెప్పులు బయట విప్పి, మైకు ముందు నిలబడ్డారు. తెరమీద దేవుడి పటం పడుతుంది, దాని కింద 'ఘంటానాదం' అని తన పేరు పడాలన్నారు. పడనివ్వండి అన్నాను. కానీ దానికీ, 'సంగీతం' అన్న కార్డుకీ మధ్య చీకటి ఉండాలన్నాను. అవి రెండూ వేర్వేరు. అది మాత్రం కాగితం మీద రాయించుకోకుండానే ఆయన ఒప్పుకున్నారు.

గంట కొట్టారు. వెనకాలే సన్నాయి వేసి వినిపించాను. ఆయన చెవి భజనల చెవి. వెంటనే పట్టేశారు.

"నా గంట నీ సన్నాయి శ్రుతికి కలవతానేదే."

"కలవదండి."

"కంప్యూటర్లో కలపలేవా?"

"కలపగలను."

"మరి కలిపీ."

"కలపనండి. కలిపేస్తే ఇదంతా నేనే సేసినానని అనుకుంటారు జనం."

ఆయన నావైపు చూశారు. నేనూ చూశాను. స్టూడియో అద్దం అవతల బావ ఏదో సైగ చేస్తున్నాడు, మేమిద్దరం పట్టించుకోలేదు.

"అయితే ఇంకోసారి కొడతాను. తీసుకో" అన్నారు సావుకారుగారు.

ఈసారి ఇంకా గట్టిగా కొట్టారు. శ్రుతికి మరింత దూరం పోయింది. అదే ఉంచాను.